కూడబెట్టరానివాడు

సెలవు దొరికితే పటాన్‌చెరు నుంచి బస్సెక్కి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్తాను. అక్కడి జైన శిల్పాల్లో మా ఊరివీ ఉన్నాయి. కాయోత్సర్గ భంగిమలో నిలబడ్డ తీర్థంకరుడు: మోకాళ్ల దాకా వేలాడే చేతులు, ఒంటిమీద నూలుపోగు లేదు. దేన్నీ సొంతం చేసుకోకూడదనే అపరిగ్రహం బోధించినవాణ్ని సేకరించి, నంబరు వేసి, మాదనుకోవచ్చా?

పూజ ఆగితే మిగిలేది కళాఖండమేనంటారు. నేనొప్పుకోను. తీర్థంకరుడు వరాలిచ్చే దేవుడు కాడు. చూసినవాడి పట్టు కాస్త సడలితే చాలు, గుళ్లోనైనా గ్యాలరీలోనైనా ఆ రాయి పని సాగుతున్నట్టే. అందుకే సేకరణ పెరగడం తప్పు కాదు. పుట్టిన నేలను మరిచి పెంచితే మాత్రం అది కూడబెట్టడమే.

సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో 1940ల తొలినాళ్లలో తవ్వకాలు జరిగాయి. దొరికినవాటిని చూపే మ్యూజియం అక్కడే ఉంది. అలాగే మాకు దగ్గర్లోని కంది ఐఐటీలో మా పటాన్‌చెరు శిల్పాలకూ ఒక గది ఇవ్వాలి.