ఏది తెలుపు?

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. వీడియో ఎడిటింగ్ గదిలో ఇది కాస్త తిరగబడుతుంది. జబ్బు తెరది, పచ్చబడేది పెళ్లికూతురు. ఎలాగంటే, మానిటర్ నీలం వైపు ఒరిగి ఉందనుకోండి. కన్ను కాసేపట్లో ఆ నీలానికి చాలావరకు అలవాటు పడిపోతుంది, పూర్తిగా మాత్రం పడదు. మిగిలిన ఆ కాస్త నీలాన్ని ఎడిటర్ బొమ్మలోని లోపమనుకుని, రంగుని పసుపు వైపు జరుపుతాడు. ఆయన తెర మీద అంతా చక్కగా ఉంటుంది. చుట్టాలింట్లో టీవీలో వేసి చూస్తే, నలుగు పెట్టి నీళ్లు పొయ్యడం మర్చిపోయినట్టు ఉంటుంది అమ్మాయి.

ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. చూసింది చూసినట్టే చేశాడు. చిత్తశుద్ధి ఉండి కూడా తప్పు జరిగే ఇలాంటి చోట బాధ్యత ఎవరిదనేది నన్ను వదలని ప్రశ్న.

ఈ పనిలో ఆరితేరినవాళ్లు కంటిని నమ్మరు. మానిటర్‌ని అరగంట వేడెక్కనిచ్చి, తెరకి ఒక ప్రోబ్ ఆనిస్తారు. సాఫ్ట్‌వేర్ వరసగా రంగు చతురస్రాలు చూపిస్తుంది, ప్రోబ్ కొలుస్తుంది, రావలసిన అంకెకీ వచ్చిన అంకెకీ ఉన్న తేడాని సరిచేస్తారు. హెచ్‌డి వీడియోకి గురి బి.టి.709 ప్రమాణం: తెలుపు డి65, అంటే దాదాపు 6500 కెల్విన్; చీకటి చేసిన గదిలో వెలుగు 100 నిట్లు; గామా 2.4. మానిటర్ వెనక గోడ కూడా ఏ రంగూ లేని బూడిదగా ఉండాలంటారు. చాదస్తంలా ఉంటుంది గానీ, ఎర్ర గోడ ముందు కూర్చుని చూస్తే తేడా తెలుస్తుంది.

సరే, ఆ 6500 ఎవరు చెప్పారు? ఒకప్పుడు జపాన్ టీవీల్లో తెలుపంటే 9300 కెల్విన్. మన లెక్కన అది నీలం, వాళ్లకి తెలుపే. ఇంకా వెనక్కి వెళితే, ప్రోబ్ ఇచ్చే అంకెలన్నిటికీ పునాది 1931లో అంతర్జాతీయ దీపన సంఘం నిర్ణయించిన ‘ప్రామాణిక పరిశీలకుడు’. ఆ ఒక్క మనిషిని తయారుచేసింది రైట్ పరీక్షించిన పదిమంది, గిల్డ్ పరీక్షించిన ఏడుగురి చూపుల సగటుతో. బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాలు అవి. అంటే ఈ రోజు నా తెర మీద ఎరుపు ఎరుపేనని సర్టిఫికెట్ ఇస్తున్నది ఆ పదిహేడు మంది కళ్లు! వాటితో ఇబ్బంది లేకపోలేదు. రెండు రకాల మానిటర్లని ప్రోబ్ ఒకటేనన్నా, పక్కపక్కన పెడితే కంటికి వేరుగా కనబడటం కలరిస్టులకి తెలిసిన తలనొప్పే.

కాబట్టి ఇది సత్యం కాదు, ఒప్పందం. తూనికరాయి లాంటిది. కిలో అంటే ఇంతే ఉండాలని ప్రకృతి చెప్పలేదు, అయినా సంతలో అందరి రాయీ ఒకటే కావాలి.

గుంటూరులో పెళ్లి వీడియోలు చేసే మిత్రుడు దీనికీ ఒప్పుకోడు. “చూసేవాళ్లంతా ఫోన్లో చూస్తారు. టీవీ ఉన్నవాడు దాన్ని వివిడ్‌లో పెట్టుకుంటాడు. నేనొక్కణ్ణీ మడి కట్టుకుని ఏం లాభం?” గట్టి వాదనే. నా జవాబు ఇది. వాళ్ల తెరలు తలా ఒక వైపు తప్పుతాయి. నాది సరిగ్గా ఉంటే ఆ తప్పులు నా బొమ్మ చుట్టూ పరుచుకుంటాయి. నాదే తప్పితే, నా తప్పు ప్రతి ఇంట్లోనూ వాళ్ల తప్పుకి తోడవుతుంది. టీవీలు ఎక్కువగా నీలం వైపే కదా తప్పేది, ముందే కాస్త పసుపు కలిపి పెడితే పోలేదా అంటాడు. ఏ టీవీకని కలపాలి? పెళ్లి వీడియో పాతికేళ్ల తర్వాత పిల్లలు చూసేది. అప్పటి తెర ఎలా ఉంటుందో ఎవరికి ఎరుక.

అసలు చిక్కు చర్మం దగ్గర వస్తుంది. వెక్టర్‌స్కోప్‌లో చర్మం రంగుకి ఒక గీత ఉంటుంది. నలుపైనా తెలుపైనా చామనఛాయైనా మనుషులందరూ ఇంచుమించు ఆ గీత దగ్గరే పడతారు. మారేది వెలుగూ, రంగు చిక్కదనమూ. ఆ గీత చూసినప్పుడల్లా నాకు ఎందుకో సంతోషంగా ఉంటుంది. కానీ ముఖం ఎంత వెలగాలో అది చెప్పదు. దశాబ్దాల పాటు కొడాక్ ల్యాబులు ప్రింట్లని సరిచూసుకున్నది ‘షర్లీ’ కార్డులతో, అంటే తెల్లజాతి యువతి ఫోటోతో. ముదురు రంగులు సరిగ్గా రావడంలేదని ఫర్నిచర్ వాళ్లూ చాక్లెట్ వాళ్లూ మొత్తుకున్నాకే కంపెనీ కదిలిందని అక్కడ పనిచేసినవాళ్లే చెప్పారు. పనితనానికి లోటు లేదు. ఎవరి ముఖాన్ని కొలతగా పెట్టుకున్నారన్నదే లోటు.

మిత్రుడు చివరికి ఒక ప్రోబ్ కొన్నాడు. మొన్నొక చామనఛాయ పెళ్లికూతురి వీడియో చూపించాడు. మంటపంలో ఎలా ఉందో అలాగే ఉంది, బాగుంది. వాళ్ల నాన్న చూసి “కొంచెం తెల్లగా చెయ్ బాబూ” అన్నాడట. “కెమెరాలో ఇలాగే వచ్చిందండీ, మానిటర్ కూడా కరెక్టుగానే ఉంది” అన్నాడు వీడు. “ఉంటే ఉండనీ, నువ్వు పెంచు.” పెంచాడు.

ఆ అమ్మాయిని అడిగారా అన్నాను.

“సెలెక్షన్‌కి వాళ్ల నాన్నే వచ్చాడు” అన్నాడు.