గడ్డి మొలవని చోటు

నెత్తురు చిందిన నేల మీద దుప్పటి పరుచుకుని పులిహోర తినవచ్చునా? ఈ ధర్మసందేహం నాకు ఇంగ్లండులో, కోల్చెస్టర్ అనే ఊళ్ళో కలిగింది. లండన్ నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. ఒకనాడు రోమన్లు సైన్యంతో వచ్చి దిగిన ఊరు. ఇప్పటికీ పారాచూట్ సైనికుల స్థావరం అక్కడ ఉంది.

ఊరి నడుమ పాత కోట. దాని చుట్టూ 1892లో జనం కోసం తెరిచిన కాజిల్ పార్కు. ఏం పచ్చదనమండీ! పూలమడులు, దిగువన కోల్న్ నది, గడ్డి మీద దొర్లే పిల్లలు. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పులిహోర డబ్బా మరవరు కదా, మేమూ ఒక చెట్టు కింద చతికిలబడ్డాం.

కోట వెనుక ఒక రాతి స్తంభం ఉంది. 1648లో అక్కడ రాజు పక్షానికీ పార్లమెంటు పక్షానికీ యుద్ధం. రాజు సైన్యం ఊళ్ళో దూరి తలుపులు మూసుకుంటే, పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ పదకొండు వారాలు ముట్టడించాడు. ఊరు లొంగగానే చార్లెస్ లూకస్, జార్జ్ లైల్ అనే ఇద్దరు సేనానుల్ని కాల్చి చంపారు. ఆ స్తంభం వాళ్ళది. వాళ్ళు పడ్డచోట గడ్డి మొలవదని చెప్పుకునేవారు. 1656లో ఆ ఊరు చూసిన జాన్ ఎవెలిన్ కూడా అక్కడ నేల బోడిగా ఉందని డైరీలో రాసుకున్నాడు.

సరే, మరి ఆ పదకొండు వారాలూ ఊళ్ళో పొయ్యిలు వెలిగాయా? ఊరివాళ్ళలో చాలామంది పార్లమెంటు వైపే. అయినా ఆకలి పక్షాలు చూడదుగా! గుర్రాలను తిన్నారు, చివరికి కుక్కల్నీ పిల్లుల్నీ కూడా. ఆకలితో అలమటించే ఆడవాళ్ళనీ పిల్లల్నీ గుమ్మం దాటించి పంపితే, బయటి సైన్యం దారివ్వలేదు. లోపలివాళ్ళు సాగనంపారు, బయటివాళ్ళు పొమ్మన్నారు. బిడ్డను చంకనేసుకుని రెండు సైన్యాల మధ్య నిలబడ్డ ఆ తల్లి కోసం గడ్డి మొలవడం మానేసిందని ఎవరూ కథ కట్టలేదెందుకో!

ఇంతకీ అక్కడ తినవచ్చునా? నా మటుకు నాకు తప్పనిపించదు. బామ్మ కన్నుమూసిన గదిలోనే మనం మునిమనవడికి ఉయ్యాల కడతాం. అది అపచారమని ఎవరూ అనరు. కానీ తద్దినం నాడు ఆమె పేరున విస్తరి వెయ్యడం మానేస్తే మాత్రం మనసు ఊరుకోదు. పసివాళ్ళను ఆకలితో వెనక్కి తిప్పిన ఊళ్ళో ఈనాడు పసివాళ్ళు కడుపునిండా తిని ఆడుకుంటున్నారంటే, ఆ తల్లులు చూస్తే సంతోషించరూ?

కాకపోతే ఒక బాకీ ఉంది. పిల్లలకు స్తంభం చూపించి ఇద్దరు వీరుల కథ చెప్పేటప్పుడు, స్తంభం లేని ఆ ఆడవాళ్ళ కథ కూడా చెప్పాలి. అన్నం తినేటప్పుడు ఆ మాటలెందుకని పెద్దలు కసురుకుంటారు. ఆకలి గురించి చెప్పడానికి అంతకంటే తగిన వేళ ఏముంది, మీరే చెప్పండి!