తెరిపి ఎంత?

"జిందగంత సాంచెలు నడిపినవ్, ఏం కూడవెట్టినవ్ బావా?" అని ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, సాంచెలు (మరమగ్గాలు) నడిపిన మా బాపును అడుగుతుంటారు. కరీంనగర్ వైపు నుంచి భివండీ పద్మనగర్‌కు వచ్చి స్థిరపడ్డ పద్మశాలి ఇళ్లలో ఇది పాత ప్రశ్నే. ఈమధ్య అది వింటే నాకు క్వేజార్లు, అంటే వాయువును మింగే భారీ కృష్ణబిలాల చుట్టూ వెలిగే దూరపు వెలుగులు, గుర్తొస్తున్నాయి.

విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు చల్లబడి, హైడ్రోజన్ పరమాణువులతో నిండిపోయింది. ఆ వాయువు అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది. తర్వాత వెలిగిన నక్షత్రాలు, క్వేజార్లు ఆ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టాయి. ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్ ఇక కాంతికి అడ్డం రాదు. అలా ప్రతి క్వేజార్ తన చుట్టూ కొంత మేర తెరిపి చేసుకుంటుంది. తెరిపి దాటాక వర్ణపటంలో చీకటి. ఆ చీకటి ఉండాలని ఖగోళ శాస్త్రవేత్తలు గన్, పీటర్సన్ 1965లోనే అన్నారు. అది కళ్లబడింది 2001లో.

2011లో దొరికిన యూలాస్ జే1120+0641 అనే క్వేజార్ వెలుగు విశ్వానికి 77 కోట్ల ఏళ్లప్పటిది. దాని నడుమ కృష్ణబిలం 200 కోట్ల సూర్యులంత బరువు. తెరిపి మాత్రం సుమారు 60 లక్షల కాంతి సంవత్సరాలే, కాస్త తర్వాతి కాలపు క్వేజార్ల తెరిపిలో మూడో వంతు. కారణం? అది కొత్తగా వెలిగిందైనా కావాలి, చుట్టూ వాయువు ఇంకా ఎలక్ట్రాన్లు వదలనిదైనా కావాలి. తెరిపి ఒక్కటే కొలిచి ఏదో తేల్చలేం.

బాపును అడిగేవాళ్లు మాత్రం ఆ రెండో కారణం, చుట్టూ ఉన్నదాని జోలికే పోరు. సేటు సాంచె, మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల పాళి, కరెంటు పోతే ఆ పూట వట్టిదే: ఇవేవీ వాళ్ల లెక్కలోకి రావు. (కొడుకును కాబట్టి నా మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు.)

ఖగోళంలో మాత్రం ఆ రెండోదాన్నీ అడిగి చూశారు. పుణే జిల్లా ఖోడద్ దగ్గరి 30 డిష్‌ల రేడియో టెలిస్కోపు, 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తొలినాటి హైడ్రోజన్‌నే నేరుగా వినబోయింది. సంకేతం దొరకలేదు, ఇంతకు మించి ఉండదనే హద్దు దొరికింది. నాకు ఆ పద్ధతి నచ్చింది. వెలిగేదాన్ని కాదు, చుట్టూ ఉన్నదాన్ని నిలదీయడం.

2017లో ఖగోళ శాస్త్రవేత్త ఐలర్స్ బృందం లక్ష ఏళ్లు కూడా వెలగనట్టున్న క్వేజార్లను చూపింది. అంత కొద్దికాలంలో వాటి నడుమ కృష్ణబిలం అంత బరువుకు పెరగడం కుదరదు. ధూళి చాటున, వెలుగు బయటపడకుండా ముందే పెరిగి ఉంటుందని ఒక అనుమానం. అదే నిజమైతే ఆ చాటు కాలం తెరిపి కొలతలో చేరదు. అందుకే ధూళిని దాటి రాగల ఇన్‌ఫ్రారెడ్, ఎక్స్ కిరణాల్లో దాన్ని వెతుకుతున్నారు.