ముందటికి పోయినంక మల్ల అడుగు

పటాన్‌చెరు దాటాక ముంబై హైవే మీద ఇస్నాపూర్ చౌరస్తా వస్తుంది. దూరప్రాంతపు బస్సులు తెల్లవారుజామున అక్కడ దింపిపోయిన కుర్రాళ్లు భుజాన బ్యాగులతో దిక్కులు చూస్తుంటారు. ఎక్కడికి చేరాలో వాళ్లకు తెలుసు. ఫోనులో కంపెనీ పేరుంది, రేపటి షిఫ్టు టైముంది. ఏ గేటు, ఎటు మలుపు అన్నదే తెలియదు. ఒకరోజు శ్రీకాకుళం పిల్లవాడొకడు చాయ్ బండి దగ్గర ఆగి, “అమ్మా, పాశమైలారం ఎటెళ్లాలి?” అని అడిగాడు. ఆమె గ్లాసులు కడుగుతూనే చేయి చూపించింది. “గిట్ల సీదా పో బిడ్డా. జర ముందటికి పోయినంక మల్ల అడుగు.”

వాడు సాగిపోయాడు. ఆ మాట నన్ను పట్టుకుంది.

హిమాలయాలెక్కే వాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు కూడా ఇదే. శిఖరం ఎవరికైనా కనిపిస్తుంది. దాని పాదాల దగ్గరికి చేర్చే దారే కనిపించదు. నందాదేవి ఎత్తు 7,816 మీటర్లు. చుట్టూ కోటగోడలాంటి పర్వతవలయం. ఆ వలయం తెగి లోయ బయటికి తెరుచుకునేది ఒక్క రిషిగంగ చీల్చిన ఇరుకు గండి దగ్గరే. 1883 నుంచి ఎందరో ప్రయత్నించి వెనుదిరిగారు. చివరికి 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వారితోపాటు అంగ్ థార్కే, పసంగ్, కుసంగ్ అనే ముగ్గురు షెర్పాలు ఆ గండిలో రాయి రాయీ తడుముకుంటూ లోపలికి దారి కనిపెట్టారు. ఆ ఏడు వాళ్లు శిఖరం ఎక్కలేదు. 1936లో టిల్మన్, అతని సహచరుడు ఓడెల్ ఎక్కారు. దారి కనుక్కున్న షిప్టన్ ఆ శిఖరం మీద ఏనాడూ నిలబడలేదు. ఫలం ఒకరిది, దారి మాత్రం అందరిదీ అయింది. కర్మయోగానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మన శాస్త్రాలు చేరువ కావడాన్ని చిన్న పనిగా చూడలేదు. ‘మార్గం’ అన్న మాటకు చుట్టమైన ‘మార్గణం’ అంటే వెతకడం. అంటే వెతుకులాట లేనిదే మార్గం లేదు. ఉపనయనం, ఉపాసన, ఉపనిషత్తు మూడింటి ముందూ నిలిచిన ‘ఉప’కు అర్థం దగ్గర అనే. పాంచరాత్ర ఆగమాన్ని అనుసరించే వైష్ణవులు రోజును ఐదు భాగాలు చేసి మొదటిదానికి ‘అభిగమనం’ అని పేరు పెట్టారు. పొద్దున్నే శుచియై మనోవాక్కాయాలతో భగవంతుని వైపు నడవడం అది. ఉపాదానం, ఇజ్య, స్వాధ్యాయం ఆ తర్వాతివి. యోగం అన్నిటికన్న చివర. మనలో చాలామంది ఆ చివరిదాన్నే ముందు అడుగుతున్నాం.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు ఒక కథ చెబుతాడు. గాంధార దేశస్థుణ్ణి ఎవరో కళ్లకు గంతలు కట్టి తెచ్చి, జనసంచారం లేని అడవిలో వదిలేశారు. అతడు దిక్కు దిక్కుకూ తిరిగి కేకలు వేశాడు. ఒక దయామయుడు గంతలు విప్పి, గాంధారం ఇటువైపు, వెళ్లమన్నాడు. అతడు ఊరి నుంచి ఊరికి అడుగుతూ ఇల్లు చేరాడు. ఈ కథలో శంకరులు అడవిని దేహమన్నారు, గంతను మోహమన్నారు. బాటసారిని ఉపనిషత్తు ‘మేధావి’ అంటుంది. ఒకరు చెప్పిన దారిని సరిగ్గా నిర్ధారించుకోగలవాడే మేధావి అని భాష్యం. ఎంత చదివాడని కాక, ఎంత శ్రద్ధగా విని తేల్చుకున్నాడని కొలిచారన్నమాట.

గంతలు విప్పినవాడు వెంట రాలేదు, గమనించండి. దిక్కు చూపి ఆగిపోయాడు. మిగతా దారి ఊరూరా ముక్కలుగా ఉంది. ఏ ఊరివాడికైనా తెలిసింది పక్క ఊరిదాకానే. గురువు దొరికాక ఇక అడిగే పని లేదనుకోవడం మన పొరపాటు. గురువు దొరికాకే అడగడం చేతనవుతుంది.

దారి పూర్తిగా సిద్ధంగా ఉన్నా ఇంకొక మెలిక మిగులుతుంది. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ భువనగిరి రాతిగుట్ట మీద శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు నిండా పద్నాలుగేళ్లు లేవు. సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమె వెంట ఉన్నాడు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. నేపాల్ వైపు లుక్లా నుంచి వారానికి పైగా నడిస్తే గాని బేస్ క్యాంపు రాదు. టిబెట్ వైపు సుమారు 5,200 మీటర్ల దాకా బండే వెళుతుంది. అయినా బండి దిగినవాడు ఆ పూటే ఎక్కడం మొదలుపెట్టలేడు. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో దాదాపు సగం. ఆ గాలికి ఒళ్లు అలవాటుపడేదాకా రోజుల తరబడి అక్కడే మెసలాలి. రోడ్డు దేహాన్ని మోసుకుపోగలదు, నెత్తురును సిద్ధం చేయలేదు. వేదాంతులు ‘అధికారం’ అన్నది ఈ సిద్ధపాటునే. వివేకం, వైరాగ్యం, శమం మొదలైన ఆరు గుణాల షట్కం, మోక్షం కోరే ముముక్షుత్వం అనే సాధన చతుష్టయం మనసుకు బేస్ క్యాంపు.

మొన్న బీరంగూడ గుట్ట మీది మల్లికార్జునుడి దగ్గరికి కారులో వెళ్లాను. నిమిషాల్లో గుడి ముందున్నాను. చేతులు జోడించాను గాని, తలలో ఇంకా హైవే హారన్లే మోగుతున్నాయి. నా పక్కన ఒక ముసలాయన కింది నుంచి నడిచి వచ్చి, చెమట తుడుచుకుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని వెళ్లిపోయాడు. ఆయన అభిగమనం దారిలోనే పూర్తయింది. నాది మొదలే కాలేదు.

కాబట్టి రేపు గుడికో, గ్రంథానికో, గురువు గుమ్మానికో బయలుదేరేటప్పుడు కాస్త ముందే దిగి నడవండి. తెలిసినంత దూరం వెళ్లండి. తెలియని చోట ఆగి, ఎదురైనవారిని సిగ్గుపడకుండా అడగండి. వాళ్లు చూపినంత మేర నడిచి, మల్ల అడగండి.