కాయకమునకు తగిన వేతనము

శరణులు లోకమునకు ఉపదేశించిన ధర్మములలో కాయకము, దాసోహము రెండు కన్నులవంటివి. సత్యశుద్ధమైన శ్రమచే జీవించుట కాయకము. ఆ శ్రమఫలమును నేను, నాది యను భావము విడిచి జంగమునకును సమాజమునకును సమర్పించుట దాసోహము. దాసోహము కాయకమునుండి పుట్టవలసినదే కాని, కాయకఫలమునకు బదులుగా ఇయ్యదగినది కాదు. ఈ భేదమును మరచినచో అన్నము పెట్టు చేయియే ఆకలికి కారణము కాగలదు. బసవేశ్వరుని ఎరుగని ఒక దూరదేశపు నగరసభలో ఈ విషయమే చర్చకు వచ్చినది.

అమెరికాదేశమున మేరీలాండ్ రాష్ట్రములో బాల్టిమోర్ అను రేవుపట్టణము కలదు. అచ్చటి చర్చిలు బీదలకు ఉచితముగా అన్నము పెట్టుచుండెను. ఆ వరుసలలో పని లేనివారే గాక, పనిచేసి కూలి తీసికొనువారును నిలుచుచుండుటను మతగురువులు గమనించిరి. నగరపాలక సంస్థ తన పనులు కొన్నింటిని గుత్తేదారులకు అప్పగించుచుండగా, ఆ పనులు చేయువారికి లభించు కూలి కుటుంబపోషణమునకు చాలకుండెను. చర్చిల సమాఖ్యయైన బిల్డ్, ఉద్యోగుల సంఘముతో కలిసి, నగరధనముతో జరుగు పనులకైనను జీవనవేతనము నీయవలెనని కోరినది. కనీసవేతనము చట్టము విధించిన హద్దు. జీవనవేతనము మనుష్యుడు గౌరవముతో బ్రదుకుటకు చాలినది.

ఇట్టి చట్టమును గూర్చి ఏ నగరసభ చర్చించినను రెండు పక్షములు లేచును. కూలి పెరిగినచో గుత్తధర పెరిగి పన్ను చెల్లించువారిపై భారము పడుననియు, యజమానులు పనివారిని తగ్గింతురనియు ఒక పక్షము. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు; పని పోయిన కూలివానికి చట్టము అన్నము పెట్టదు. కాని రెండవ పక్షపు మాటయు ఆలోచింపదగినదే. కూలిలో తగ్గిన భాగము ఎచ్చటికిని మాయము కాదు. ఆ లోటును దాతల అన్నసత్రమో, ప్రభుత్వ సహాయమో పూరింపవలసి వచ్చును. అనగా గుత్తేదారుని లాభమునకు దాత వెల చెల్లించుచున్నాడు.

1994 డిసెంబరులో మేయర్ కర్ట్ ష్మోక్ ఆ చట్టముపై సంతకము చేసెను. నాడు దేశమంతటికిని కనీసవేతనము గంటకు 4 డాలర్ల 25 సెంట్లు. నగరపు గుత్తపనులలో అది 1995లో 6 డాలర్ల 10 సెంట్లై, క్రమముగా 7 డాలర్ల 70 సెంట్లకు పెరిగెను. భయపడినంతగా గుత్తధరలు పెరుగలేదని తరువాతి పరిశీలనలు తెలిపినవి. అయినను పూర్తికాలపు పని లేనివారికి కలిగిన మేలు కొద్దియే. ఇట్టి చట్టములవలన పనులు తగ్గునా యను విషయమున ఆర్థికవేత్తలు నేటికిని ఏకాభిప్రాయులు కారు. తదుపరి నూరింటికి పైగా పట్టణములు, జిల్లాలు ఆ మార్గమును అనుసరించినవి.

శరణచరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల గాథ సుప్రసిద్ధము. నేలరాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకన్న ఎక్కువ బియ్యము తేగా, అది ఆశకు గుర్తు అని లక్కమ్మ మందలించి, అదనపు బియ్యమును తిరిగి పోసిరమ్మని పంపెను. దినవెచ్చమునకు మించిన గింజలు బీదకాపురమునకే తగవైనప్పుడు, పనివాని కూలిలో మిగిల్చిన ధనము శ్రీమంతుని పెట్టెకు ఎట్లు తగును? లక్కమ్మ త్రాసు ఏరుకొనువానికి ఒకటి, ఏలువానికి ఒకటి కాదు.

మన రాజ్యాంగము 43వ అధికరణములో శ్రామికులందరికిని జీవనవేతనము సమకూర్చుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని నిర్దేశించినది. అది ఆదేశసూత్రమే కాని, న్యాయస్థానమునకు పోయి రాబట్టుకొనదగిన హక్కు కాదు. అట్టిచోట ధర్మము ముందు నడువవలెను. మఠము వాకిలి ఊడ్చు స్త్రీకి, దాసోహపు వంటశాలలో పొయ్యిముందు నిలుచువానికి, గృహస్థుని ఇంట అంట్లు తోము బాలింతకు ముట్టుచున్న కూలి వారి బిడ్డల అన్నమునకు, వస్త్రమునకు, చదువునకు చాలుచున్నదా? "మనయింటనే భోజనము చేయుచున్నారు గదా" అను సమాధానము చాలదు. పంక్తిలో వడ్డించిన అన్నము ప్రసాదము. చేసిన పనికి కూలి ఋణము. ప్రసాదము పెట్టి ఋణమును కొట్టివేయుట శరణమార్గము కాదు.

బాల్టిమోరు గురువులు అన్నము పెట్టుట మానలేదు. అన్నార్తి ఎచ్చట పుట్టుచున్నదో విచారించిరి. దాసోహము చేయు ప్రతి హస్తమును ఆ విచారణను తన గుమ్మమునుండియే ఆరంభింపవలెను. కాయకమునకు దాని ఫలము పూర్తిగా ముట్టిన పిమ్మట సమర్పించునదే లింగమునకు అర్పితమగును.