మతం గడిలో ఏం నింపాలి?

వనపర్తి జిల్లా కొత్తకోటలో 2019లో ఒక బిడ్డ పుట్టింది. జనన ధ్రువపత్రంలో మతం, కులం లేవని రాయమన్నారు తల్లిదండ్రులు. ఆన్‌లైన్ దరఖాస్తులో ఆ వీలు లేదన్నారు మునిసిపల్ అధికారులు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ‘మతం లేదు, కులం లేదు’ అనే కాలమ్ పెట్టాల్సిందేనని 2023 జులైలో జస్టిస్ కన్నెగంటి లలిత తీర్పిచ్చారు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో ఏ మతమూ వద్దనుకోవడం కూడా ఉందన్నది దాని సారం.

పక్క జిల్లా కల్వకుర్తిలో మీసేవకు వెళ్లేవారు చాలామంది స్క్రీను చూడరు. ఆపరేటర్ అడుగుతాడు, వీళ్లు చెబుతారు, అతను జాబితా దించి ఒకటి నొక్కుతాడు. లేనిది చెబితే “ఇండ్ల లేదన్నా” అంటాడు. తప్పు అతనిది కాదు.

ఆ జాబితా తయారీ చాలా చిన్న పని. హెచ్‌టీఎంఎల్‌లో ‘సెలెక్ట్’ ట్యాగు పెట్టి, లోపల ఒక్కో మతానికి ఒక్కో ‘ఆప్షన్’ రాస్తే చాలు. దేన్నీ ఎంపికగా గుర్తుపెట్టకపోతే బ్రౌజర్ మొదటి పేరునే ఎంచుకున్నట్టు చూపిస్తుంది. మనలో ఎక్కువమందికి మతం వచ్చిందీ ఇలాగే, నొక్కకముందే నిండిపోయింది! మర్యాద తెలిసిన ప్రోగ్రామర్ మొదటి వరసలో ఖాళీ విలువతో ‘ఎంచుకోండి’ అని పెడతాడు. ఆ గడికి ‘రిక్వైర్డ్’ తగిలిస్తే మాత్రం ఖాళీగా వదిలినవాడి ఫారం ముందుకు కదలదు.

ఇంతకీ ఖాళీ, ‘లేదు’ ఒకటేనా? కాదంటుంది మన తర్కం. తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, ఏడో పదార్థంగా లెక్కించి, నాలుగు రకాలు చెప్పాడు. ఇంకా పుట్టనిది ప్రాగభావం, ఒకప్పుడు ఉండి తర్వాత పోయినది ప్రధ్వంసాభావం, ఎన్నడూ లేనిది అత్యంతాభావం. ఇది అది కాదనడం అన్యోన్యాభావం. ఈ లెక్కన పసిబిడ్డకు మతం లేకపోవడం ప్రాగభావం, పెద్దయ్యాక వదిలేసినవాడిది ప్రధ్వంసాభావం. రెంటినీ ఫారంలోని ‘ఇతరములు’లో పడేయడం తార్కికంగా కూడా తప్పే. ‘ఇతరములు’ అంటే ఇంకేదో మతం ఉందనే కదా!

2011 జనగణనలో మతం చెప్పనివారు సుమారు 28 లక్షల 70 వేలు. వారిలో లేనివారెందరో, చెప్పడం ఇష్టంలేనివారెందరో ఆ అంకె చెప్పదు. 2027 జనగణన డిజిటల్‌గా జరగనుంది, కులం కూడా అడుగుతారు. ఎన్యూమరేటర్ మీ ఇంటికొచ్చినప్పుడు మీ పేరు పక్కన ఏ వరస నొక్కాడో ఫోన్ తిప్పి చూపించమనండి.