బతికి మిగలడం

అత్యాచారానికి గురైన స్త్రీని ‘బాధితురాలు’ అనొద్దు, ‘సర్వైవర్’ అనండి అని పదేళ్ల కిందట ఒక సదస్సులో గట్టిగా వాదించాను. దానికి తెలుగు మాటేమిటని ఒక విద్యార్థిని అడిగింది. తడుముకున్నాను. ‘విజేత’ అన్నారెవరో. అట్లా అయితే బతకనివాళ్లు ఓడిపోయినట్టా?

‘సర్వైవ్’ క్రియ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ‘సూపర్’ అంటే పైన, అవతల. ‘వీవెరె’ అంటే బతకడం. ఒకరు పోయాక వాళ్లను దాటి బతకడమన్నమాట. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లీషులో చేరినప్పుడు దాని పని వీరత్వం కాదు, వారసత్వం. ఎవరు పోతే ఆస్తి ఎవరిదన్న లెక్క.

ఆ లెక్క మా ఒంటిమిట్టకూ వచ్చింది. మా అవ్వ వాళ్లమ్మకు పందొమ్మిదేళ్లకే భర్త పోయాడు. ఉన్నది ఒక్క ఆడపిల్ల, మా అవ్వ. వితంతువుకు భర్త వాటాలో, బతికున్నంత కాలం అనుభవించడానికైనా, హక్కునిచ్చిన 1937 చట్టం ఇంకా రాలేదు. మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తిలోని ఆయన వాటా ‘సర్వైవర్‌షిప్’ కింద అన్నదమ్ములకు పోయింది. ఆమెకు మిగిలింది మనోవర్తి, అంటే ఏడాదికిన్ని జొన్నలు. ఆ తర్వాత ఆమె యాభై ఏళ్లకు పైగా బతికింది. చట్టం భాషలో మాత్రం ఆమె సర్వైవర్ కాదు. ఆమె కన్నా ముందే పోయిన బావగారు సర్వైవర్!

1956 చట్టం ఈ పద్ధతిని సడలించిందే గానీ తీసేయలేదు. 1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. మా అమ్మకు అప్పటికే పెళ్లయింది. ఉమ్మడి ఆస్తిలో ఆ ‘సర్వైవర్‌షిప్’ను 2005 సవరణ ఎత్తేసింది. అంటే మేం ఆ మాటను గర్వంగా ఎత్తుకుంటున్న రోజుల్లోనే చట్టం దాన్ని కిందికి దించింది. ఈ సంగతి నాకు సదస్సు తర్వాత గానీ తట్టలేదు.

ఆ సెలవుల్లో ఊరికి పోయి అవ్వనడిగాను. అప్పటికామెకు ఎనభై దాటాయి.

“అంతా పోయినాక మీయమ్మ ఎట్లా బతికిందవ్వా?”

“బతికేదేముంది పాపా, ఉన్నింది. వాళ్ల దొడ్లో పేడ దీసింది, వాళ్ల పిల్లోళ్లను ఎత్తింది. యాడికి పోతాది? వాళ్లంతా పోయినాక గూడా ఉన్నింది.”

‘ఉన్నింది’లో గెలుపు లేదు, ఓటమీ లేదు. దాన్ని వాడుకుందామనిపించింది. కానీ అది ఆమె ఎంచుకున్న ఉండడం కాదే, పోయే చోటు లేక ఉండడం. ఆ విద్యార్థిని ఇప్పుడు తనే పాఠాలు చెబుతోంది. మొన్న ఫోన్ చేసి, “మేడమ్, ఆ మాట దొరికిందా?” అని మళ్లీ అడిగింది. అవ్వ చెప్పింది చెప్పాను. “మరి దాన్ని పరీక్షలో ఎట్లా రాయమంటారు?” అంది.